అర్ధరాత్రి వంతు

ధర్మం మనుష్యునికి అపరిచితమైనది కాదు. తల్లి ఒడిలో విన్నదే, తండ్రి నడవడిలో కన్నదే, కార్యభారం క్రింద, కాంక్షల క్రింద క్రమంగా కప్పబడి కంటికి దూరమవుతుంది. అందుచేతనే మన పూర్వులు హితం చెప్పేటప్పుడు క్రొత్త విషయాన్ని బోధిస్తున్నామని భావించలేదు. మరచినదానిని జ్ఞప్తికి తెస్తున్నామని మాత్రమే భావించారు. నౌకాదళంలో పనిచేసి, స్వగ్రామానికి మరలివచ్చి, భార్యాబిడ్డల నడుమ సుదీర్ఘ జీవితం గడిపి, నిండు వయస్సులో దేహం చాలించిన పెద్దలు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో అనేకులు ఉన్నారు. అట్టివారిలో ఒకరి ముంగిట గుమికూడిన జనులు ఆయన ఎన్ని సంవత్సరాలు జీవించాడో లెక్కించుకొంటారు. ఏ నౌకలలో పనిచేశాడో, ఏ యుద్ధం చూశాడో చెప్పుకొంటారు. ఆ మాటలు తగినవే. కాని ఆ ఆయుర్దాయంలో లోకం చూడని భాగం, చూసిన భాగంకంటె పెద్దది. దానినే ఇక్కడ తలచుకోవలసి ఉన్నది.

సముద్రాన్ని నమ్ముకొన్న మానవునిపట్ల ఎలా ప్రవర్తించవలెనో ఈ తీరానికి చిరకాలంగా తెలుసు. బాపట్ల సీమలోని మోటుపల్లి ఒకనాడు కాకతీయుల రేవుపట్టణం. 1244లో గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక అభయశాసనం చెక్కించాడు. దేశాంతరాలకు బయలుదేరిన నౌక తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొనివస్తే అందులోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను బలవంతంగా అపహరించడం పూర్వరాజుల పద్ధతి అనీ, ప్రాణాలకు తెగించి సాగరయాత్ర చేసినవారిపై దయతో, కీర్తికొరకు, పుణ్యంకొరకు తాము నియమిత సుంకం తప్ప మరేమీ గ్రహించబోమనీ ఆ రాతిపై ప్రకటించాడు. ఆ సుంకం ముప్పదింట ఒక వంతు. ఆపదలో పడి తన గుమ్మానికి చేరినవాని నిస్సహాయతను ఆదాయమార్గంగా చేసుకొనరాదని ఏడువందల ఎనభై ఏళ్ళ క్రిందట ఈ గడ్డ రాతిమీద వ్రాసుకొన్నది. చేయగలిగిన శక్తి ఉండి చేయకుండ నిలిచిన వాడే నిగ్రహవంతుడు. అశక్తుని ఊరకుండటాన్ని నిగ్రహమని ఎవరూ పిలువరు. ఆ చక్రవర్తి ఓడలను దోచుకోగలిగి ఉండికూడ దోచుకోలేదు. అందుకే ఆ శాసనాన్ని కేవలం వర్తకుల చరిత్రగా చదివి ప్రక్కన పెట్టడం అన్యాయమని తోస్తుంది. అది నీతిగ్రంథంగా చదువదగినది.

ఆ తీరానికి ఎగువన ఉన్న నేల స్వభావం వేరు. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాత మెట్ట మాగాణి అయింది. తెనాలి పట్టణం మధ్యగా మూడు కాలువలు ప్రవహిస్తాయి. వరి కోసిన చేలలో మినుములు మొలుస్తాయి. కాలువ ఒడ్డున పుట్టినవాడు కడలిమీదికి పోవలసిన అవసరం పైకి కనిపించదు. అయినా పోయారు. కొందరికి పొలం చాలలేదు, కొందరికి చదువు సాగలేదు, కొందరికి దేశం పిలిచింది. అనేకులకు ఈ మూడూ కలిసి ఒకే కారణమయ్యాయి. రేపల్లె నుండి తెనాలికి వచ్చే రైలెక్కి, అక్కడ పెద్ద బండి మారి, విశాఖపట్టణంలోని సర్కార్స్ స్థావరంలో బాలనావికులుగా చేరినవారు, ఇంకా మీసం రాని పిల్లలు. లోణావ్లాలోని శివాజీలో యంత్రవిద్య, జామ్‌నగర్‌లోని వల్సూరాలో విద్యుద్విద్య అభ్యసించినవారు. పరభాషలో ఆజ్ఞలు విని, పరదేశపు కూడు తిని, రాత్రిళ్ళు తల్లిని తలచుకొన్నవారు. ఏ వయస్సులో బిడ్డను తండ్రి భుజంమీద చెయ్యివేసి నడిపించవలెనో ఆ వయస్సులో వారిని సముద్రం నడిపించింది.

సముద్రం వారికి నేర్పిన విద్యలలో ఉత్తమమైనది ఆయుధవిద్య కాదు, మేల్కొని ఉండే విద్య. నౌక నిద్రించదు. దాని దినాన్ని నాలుగేసి గంటల వంతులుగా విభజిస్తారు. వాచ్ అని నావికులు వాడుకొనే మాట ఆ వంతునే సూచిస్తుంది. ఒక వర్గం మేల్కొని ఉండగా తక్కినవారు నిద్రిస్తారు. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. దినానికి ఆరు వంతులే అయితే, ఈనాడు అర్ధరాత్రి మేల్కొన్నవానికే రేపూ, ఎల్లుండీ, ఎల్లకాలమూ అర్ధరాత్రి మేల్కొనే గతి పట్టవచ్చును. అందుకని సాయంకాలం నాలుగు మొదలు ఎనిమిది వరకు గల వంతును మాత్రం రెండుగా చీల్చి, రెండేసి గంటల రెండు చిన్న వంతులు చేశారు. దానితో వంతుల సంఖ్య ఏడవుతుంది; ప్రతి దినమూ వరుస ఒక మెట్టు జరుగుతుంది; చీకటిగడియ ఒక్కని నొసట శాశ్వతంగా వ్రాయబడదు. ఎవరు కనిపెట్టారో గాని, ఈ ఏర్పాటులో ఉన్న న్యాయబుద్ధి అనేక ధర్మాసనాలలో కనిపించనిది. కష్టం అనివార్యమే కావచ్చును. అది ఎల్లప్పుడూ ఒకరిదే కావడం అనివార్యం కాదని ఆ విభజన చెప్పుతున్నది.

ఆ వంతుకు మరొక నియమం ఉన్నది. గడువు తీరిందని ఎవడూ తన స్థానాన్ని విడిచి పోరాదు. తరువాతివాడు వచ్చి, ప్రక్కన నిలిచి, చీకటికి కళ్ళు అలవాటు చేసుకొని, నౌక ఏ దిక్కుగా పోతున్నదో, ఏ దీపాలు కనిపిస్తున్నవో, గాలి ఎట్లా మారిందో విని, భారం స్వీకరించాననిన తరువాతనే మొదటివాడు క్రిందికి దిగాలి. అప్పగించేవాడు దాచకుండ చెప్పాలి. పుచ్చుకొనేవాడు విసుగు లేకుండ వినాలి. జరిగినదంతా లాగ్ పుస్తకంలో వ్రాసి ఉంచాలి. తరం నుండి తరానికి కుటుంబభారం సంక్రమించవలసిన విధం ఇంతకంటె స్పష్టంగా ఏ శాస్త్రం చెప్పింది? మన ఇండ్లలో అప్పగింత జరుగదు. ఒకరి చేతిలోనుండి ఊడిపడినదానిని మరొకరు ఏరుకొనడమే జరుగుతున్నది.

అయితే ఈ క్రమశిక్షణను దాస్యంగా భ్రమించరాదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ స్థావరంలో నావికులు అన్నం నిరాకరించి నిలిచినప్పుడు, తినరాని తిండిని, వినరాని దూషణలను ఇక సహింపమని లోకానికి చాటారు. ఆ తిరుగుబాటు రోజుల వ్యవధిలో ఇతర ఓడలకు, రేవులకు వ్యాపించి, జాతీయనాయకుల మాట మన్నించి 23వ తేదీన ఉపశమించింది. ఆనాడు కొలువులు కోల్పోయినవారిని స్వతంత్ర భారత నౌకాదళం మరల చేర్చుకొనలేదు. ఆజ్ఞకు లోబడడం, అవమానానికి లోబడకపోవడం, ఈ రెండూ ఒకే మనస్సులో నిలువగలవని వారు చూపారు. గృహంలోనూ ఇదే ధర్మం. పెద్దల మాట వినవలసినదే. ఆ మాటలో తిరస్కారం ఉండరాదు.

యుద్ధం వచ్చినప్పుడు ఆ మేల్కొనే విద్యయొక్క మూల్యం తెలిసింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమిరాత్రి విశాఖపట్టణపు రేవు వెలుపల పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అందులోని వారెవ్వరూ బయటపడలేదు. ఆ శిథిలం నేటికీ విశాఖ సముద్రగర్భంలోనే ఉన్నది. శత్రువు నశించినందుకు ఊరు ఊపిరి పీల్చుకొన్నది, అది సహజం. కాని అందులో చనిపోయినవారికీ తల్లులున్నారని, తలుపు చప్పుడైతే ఉలికిపడి లేచిన భార్యలున్నారని మొదట తలచుకొనగలవాడు నావికుడే. నీటి క్రింద ఊపిరాడక పోవడమంటే ఏమిటో తెలిసినవాడు అట్టి మృత్యువును చూసి హర్షించలేడు.

ఆరు రోజులు గడవకముందే ఆ వేదన మన వంతు అయింది. డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరాన ఖుక్రీ నౌక శత్రువుల టార్పెడో దెబ్బకు మునిగింది. పద్దెనిమిదిమంది అధికారులు, నూట డెబ్బదియారుగురు నావికులు దానితో పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన ప్రాణరక్షక కవచాన్ని మరొకరికి ఇచ్చివేసి, తప్పించుకొనే ప్రయత్నం చేయక, ఓడతోపాటు నీటిలోకి దిగిపోయాడు. ఆయన వయస్సు అప్పటికి నలుబదియైదు. ఆ రాత్రి ఏ ఓడ ఎక్కడ ఉండవలెనో నిర్ణయించినది నావికుల ఇచ్ఛ కాదు. అదే తరానికి చెందినవాడు, అదే బట్ట కట్టినవాడు, వేరొక నౌకలో ఉండడంచేత మాత్రమే జీవించి ఉన్నవాడు తరువాతి యాభై ఏళ్ళు ఆ సంగతి ఎరిగి బ్రతికాడు. దీర్ఘాయువును మనం సాధారణంగా సొంత ఆస్తిగా, పుణ్యఫలంగా, పథ్యఫలంగా చెప్పుకొంటాము. సహచరులను సముద్రానికి అప్పగించి తిరిగివచ్చినవానికి అది నిక్షేపం; ఇతరులు అనుభవించవలసి ఉండి అనుభవించలేకపోయిన కాలం తనవద్ద దాచబడినది. నిక్షేపాన్ని వ్యర్థం చేయరాదన్నది ఈ దేశంలో బాలురకూ తెలిసిన నీతి. ఉదయాన్నే లేచి, పడక సరిచేసి, పాదరక్షలు వరుసగా పెట్టి, ఇచ్చిన మాటకు ఒక్క నిమిషమైనా ఆలస్యం చేయని వృద్ధుని చూసి నవ్వినవారు, ఆ నియమం వెనుక ఎవరి ఋణం ఉన్నదో విచారించలేదు.

ఇక లోకం చూడని భాగానికి వద్దాం. ఆ తరంలో నౌకాదళంలో నావికుడు పదునైదేళ్ళు పూర్తిచేసినప్పుడు పెన్షన్‌కు అర్హుడయ్యేవాడు. పదునెనిమిదేళ్ళకు చేరినవాడు ముప్పదిమూడేళ్ళకు బయటికి రాగలిగేవాడు. కొందరు మరి కొంతకాలం ఉండి వచ్చేవారు. తక్కిన లోకం పనిలో స్థిరపడే వయస్సుకు అతడు విశ్రాంతుడనే పేరు మోసేవాడు. ఎనభై, తొంభై ఏళ్ళు బ్రతికితే, సముద్రంమీద గడిచినది సుమారు ఆరింట ఒక వంతు. మిగిలినదంతా ఇల్లు. పతకాలన్నీ ఆ చిన్న వంతుకు వచ్చినవి. పెద్ద వంతుకు పతకం లేదు, కవాతు లేదు, వాద్యం లేదు. ధర్మపరీక్ష జరిగినది మాత్రం అక్కడనే.

అధికారం ధరించడం కంటె దానిని విడవడం కష్టమని చరిత్ర అడుగడుగునా సాక్ష్యమిస్తున్నది. హైదరాబాదులోని మహబూబ్ కళాశాలలో, నిజాం కళాశాలలో చదివి, డఫరిన్ శిక్షణనౌకలో 1927లో తొలి తరగతిలో చేరిన రామదాస్ కటారి, 1958 ఏప్రిల్ 22న భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యాడు. ఆయన కాలంలోనే 1961 మార్చిలో విక్రాంత్ నౌక మనకు దక్కింది. ఆ సంవత్సరమే గోవా విముక్తమైంది. 1962లో ఆ పదవిని విడిచి, బర్మాలో భారత రాయబారిగా పనిచేసి, పిమ్మట తన నావికజీవిత స్మృతులను గ్రంథంగా వ్రాసి, 1983లో పరమపదించాడు. దళాధిపతికి విధించిన ధర్మమే దిగువ నావికునికీ విధించబడింది. నిన్నటివరకు తుపాకీ యంత్రాన్ని నడిపినవాడు నేడు బ్యాంకు గుమ్మంలో కావలి కూర్చుంటాడు, లేక చిన్న గుమాస్తాగా తనకంటె చిన్నవాడు చెప్పిన పని చేస్తాడు, లేక కాలువనీటికై గట్టుమీద నిరీక్షిస్తాడు. ఎవరితోనూ తన గతం ఎత్తి మాట్లాడడు. ఆ మౌనానికి లోకంలో గౌరవం లేకపోవడం లోకంయొక్క లోపం.

కాని ఒక సత్యం నిర్మొగమాటంగా చెప్పవలసి ఉన్నది. ఓడలో ఆజ్ఞ ఇచ్చిన గొంతు ఇంట్లోనూ ఆజ్ఞగానే మిగిలిపోయిన గృహాలు ఉన్నాయి. అన్నం క్షణం ఆలస్యమైతే కంచం త్రోసివేసినవారు, బిడ్డలను వరుసలో నిలబెట్టి శిక్షించినవారు, తాము సముద్రంమీద భరించినదంతా భార్య ఒడిలో తిరిగి కుమ్మరించినవారు ఉన్నారు. మరణించినవారిని స్తుతించేటప్పుడు దీనిని కప్పిపుచ్చడం మర్యాదగా చెలామణి అవుతున్నది. బ్రతికియున్నవారికి అది అపకారం. క్రమశిక్షణ తనమీద ప్రయోగించుకొన్నప్పుడు తపస్సు, అధీనులమీద ప్రయోగించినప్పుడు దౌర్జన్యం. సంసారిగా ధన్యుడైనవాడు, తెల్లదుస్తులతోపాటు అధికారస్వరాన్ని కూడ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసినవాడు. తన పనిని తాను చేసుకొనే అలవాటును మాత్రం బయట ఉంచుకొన్నాడు. తన బట్ట తాను ఉతుకుకొన్నాడు, తన చొక్కా గుండీ తాను కుట్టుకొన్నాడు, తాను తిన్న కంచం తాను కడిగాడు. చుట్టుప్రక్కలవారు వింతగా చూశారు, అతడు పట్టించుకొనలేదు. ఉప్పుగాలి ఇనుమును ఒక్కనాడు ఉపేక్షించినా తినివేస్తుందని, అందుచేత నౌకను నిత్యం గీకి, తుడిచి, రంగు వేయవలెనని నేర్చినవానికి, ఇల్లు కూడ అట్లే నిత్యం చూసుకొనవలసినదని వేరే చెప్పనక్కరలేదు.

ఆయన ఆయుష్షులో సగం మరొకరిదన్న సంగతి ఇంకా ఎక్కువగా మరుగున పడింది. నావికుని భార్య పెండ్లినాటి పసుపు ఆరకముందే ఒంటరిదయింది. జాబు వ్రాయవలెనంటే ఓడ ఏ సముద్రంలో ఉన్నదో ఆమెకు తెలియదు. ఎక్కడ ఉన్నా చిరునామా ఒక్కటే, నౌక పేరు, క్రింద ఫ్లీట్ మెయిల్ ఆఫీసు. బదులు ఎప్పుడు వస్తుందో చెప్పగలవారు లేరు. మనియార్డరు వచ్చిన నాడు కొట్టుబాకీ తీర్చి, రానినాడు ఇరుగుపొరుగును అడుగలేక గంజితో సరిపెట్టి, అత్తమామలకు మందు, బిడ్డకు పలక, పొలానికి కూలి ఆమె చూసింది. బిడ్డ జ్వరంతో మూలిగిన రాత్రి వంతు మారే గంట ఆమెకు మ్రోగలేదు. ఆమెను దింపడానికి ఎవరూ మెట్లెక్కి రాలేదు. భర్త లీవులో వచ్చినప్పుడు తండ్రిని గుర్తుపట్టని బిడ్డను చేరదీసి, ఈయన మీ నాన్న అని చెప్పి, మరల అతడు వెళ్ళిన తరువాత ఆ బిడ్డ కన్నీరు తుడిచింది ఆమెయే.

సముద్రభయం సముద్రంమీద ఉన్నవానికే అని తలచేవారికి 1977 నవంబరు 19 సమాధానం చెప్పింది. సాగరుడు చెలియలికట్ట దాటడని, అందుకే మర్యాదకు అతడే ఉపమానమని మన పూర్వకవులు పదే పదే చెప్పారు. ఆనాడు అతడు దాటాడు. నేటి బాపట్ల జిల్లా తీరాన తుఫాను భూమినెక్కి, రేపల్లెకు ఎదురుగా కృష్ణ ఆవల ఉన్న దివిసీమను నీటిగోడగా ముంచివేసింది. చనిపోయినవారు ప్రభుత్వపు లెక్కకే సుమారు పదివేలు. చెట్లకు వ్రేలాడి బ్రతికినవారు, తెల్లవారేసరికి చెట్టే తప్ప ఊరు కనిపించనివారు ఈనాటికీ ఉన్నారు. దూరసముద్రంలో ఓడమీద క్షేమంగా ఉన్న నావికునికి, నేలమీద ఉన్న ఇల్లు మునిగిందో నిలిచిందో తెలియని రోజులవి. ఏళ్ళతరబడి ఆమె అతని కొరకు భయపడింది. ఆ కొద్ది దినాలు అతడు ఆమె కొరకు భయపడ్డాడు. ఆ తుఫాను తరువాత ఆమె నిరీక్షణ ఎట్టిదో అతనికి ఎవరూ వివరింపనక్కర లేకపోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లవద్ద తీరం దాటి, కోతకు వచ్చిన వరిని నేలకు పరచినప్పుడు, ఆ పాతదినాలను తలచుకొని కంపించినవారు ఆ వృద్ధదంపతులే.

స్థిరమనుకొన్నవి ఎట్లు కరగిపోతాయో నావికునికి తెలిసినంత మరెవరికీ తెలియదు. 1971లో తూర్పు సముద్రాన్ని ఏలిన విక్రాంత్, 1997లో విశ్రాంతి పొంది, కొంతకాలం ప్రదర్శనశాలగా నిలిచి, చివరకు ముక్కలుగా కోయబడింది. దాని తలాన నడిచిన కాళ్ళు ఇంకా బ్రతికి ఉండగానే ఆ తలం ఇనుపతుక్కు అయింది. అదే పేరుతో 2022లో క్రొత్త నౌక దళంలో చేరింది. కుర్సురా జలాంతర్గామి విశాఖ సముద్రతీరాన ప్రదర్శనకు నిలిచి ఉన్నది. పిల్లలు అందులో ఒక ప్రక్క ఎక్కి మరొక ప్రక్క దిగుతారు. ఓడలకే ఈ గతి అయినప్పుడు దేహం మాట చెప్పనేల? తాడు ముడివేసిన వ్రేళ్ళు వణుకుతాయి. చీకటిలో దీపపురేఖను పసిగట్టిన కన్ను మనుమరాలి ముఖం గుర్తించలేదు. పెన్షన్ పుచ్చుకొనే పెద్ద, ఏటేటా నవంబరులో తాను జీవించియున్నానని ధ్రువపత్రం సమర్పించవలసి ఉన్నది. తెనాలి వీధులలో, బాపట్ల బ్యాంకు మెట్లమీద, రేపల్లె ఆఫీసులలో కార్తికమాసపు ఉదయాలలో ఆ వృద్ధులు బారులు తీరి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని నిలుస్తారు. తాను ఇంకా ఉన్నానని ప్రభుత్వానికి చెప్పుకొనేవాని ఇంటిలో, అదే మాట ఏటికొకసారియైనా అడిగేవారు ఉన్నారా?

ఎందుకనగా ఆ వృద్ధుని మంచం చుట్టూ ఉండవలసినవారు దేశదేశాలకు పోయారు. పోవడం తప్పు కాదు. తండ్రి కూడ ఒకనాడు పోయినవాడే. బిడ్డలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉంటారు. తండ్రి వ్యాధిగ్రస్తుడైనప్పుడు ధనం పంపుతారు, వైద్యునితో ఫోనులో మాట్లాడతారు, తెరమీద తండ్రి ముఖం చూస్తారు. ఇవన్నీ చేయవలసినవే. కాని రాత్రి రెండు గంటలకు ఆ వృద్ధుడు దాహమని పిలిచినప్పుడు లేచేది ఎవరు? వృద్ధాప్యంలో ఉన్న ఆ ఇల్లాలే, లేదా ఊరిలో మిగిలిన ఒక్క కోడలు, లేదా తన సంసారం విడిచివచ్చిన ఒక్క కుమార్తె. ఈనాడు ఆమె, రేపు ఆమె, ఏడాది పొడుగునా ఆమె. వేల మైళ్ళ సముద్రంమీద, పరిచయంలేని మనుష్యుల నడుమ, అర్ధరాత్రి ఒక్కరి వంతు కాకూడదని కాలాన్నే చీల్చి పంచుకొన్న విధానం ఆ తండ్రి ఎరుగును. ఒక తల్లి బిడ్డలైనవారు ఒక మంచంచుట్టూ దానిని పంచుకొనలేకపోతున్నారు. ఆస్తి పంచుకొనడానికి పెద్దమనుష్యులను పిలిచే కుటుంబాలు, జాగరణ పంచుకొనడానికి ఎవరినీ పిలువవు. ఈ అన్యాయానికి ధర్మశాస్త్రం తెలియకపోవడం కారణం కాదు. అందరికీ తెలుసు, ఎవరికి వారు తమ వంతు ఇంకా రాలేదని అనుకొంటున్నారు.

మరణానంతరం మనం చేసే కార్యాలలో లోపం ఉండదు. పెనుమూడి రేవులో అస్థికలు కలుపుతారు, సూర్యలంక సముద్రంలో స్నానం చేస్తారు, పదకొండవనాడు, పన్నెండవనాడు విధి తప్పక జరుపుతారు, పెద్ద పటం కట్టించి పూలమాల వేస్తారు. పత్రికలో ఆయన పేరు ముందు మాజీ నౌకాదళోద్యోగి అని అచ్చువేయిస్తారు. పిమ్మట ట్రంకుపెట్టె తెరచి, ఉప్పుతేమకు మచ్చలుపడిన కాగితాలను, కట్టు సడలిన డిశ్చార్జి పుస్తకాన్ని, రంగు మాసిన పతకపు పట్టీని చూసి, ఏది ఎక్కడిదో చెప్పగలవారు లేక మరల మూసివేస్తారు. కటారివంటి దళాధిపతి తన కథ తాను వ్రాసుకొన్నాడు. ఈ నావికుడు వ్రాసుకొనలేదు. అప్పగించడానికి ఆయన సిద్ధంగానే ఉండెను. ప్రక్కన నిలిచి వినడానికి తరువాతి వంతువాడు రాలేదు.

తండ్రి పోయిన తరువాత ఆ ఇంట మిగిలిన వృద్ధురాలి సంగతి ఒక్కటి చెప్పవలసి ఉన్నది. కుటుంబపెన్షన్ ఆమె హక్కు, భిక్ష కాదు. ఆ పత్రాలు సకాలంలో పూర్తిచేయించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆమెను స్వయంగా తీసుకొనిపోయి, వచ్చిన ధనాన్ని ఆమె చేతిలోనే పెట్టడం కుమారుని ధర్మం. ఆ ధనం తన ఖాతాకు మళ్ళించుకొని తల్లిని నెలకొక ఇంట త్రిప్పేవాడు, పగిలిన ఓడల సొత్తు అపహరించిన ఆ పూర్వరాజులతో సమానుడు. మోటుపల్లి రాతిమీద అతని విషయం ఎన్నడో తీర్పు చెప్పబడింది.

మానవులారా! మీలో అనేకుల ఇండ్లలో అట్టి పెద్దలు ఇంకా జీవించి ఉన్నారు. వారి నౌకల పేర్లు, చేరిన ఏడు, విడిచిన ఏడు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన వారి సర్వీసు నంబరు, వారి నోటనే విని వ్రాసుకొనండి; ఆ పుటలోనే, ఆ కాలమంతా ఇల్లు నిలిపిన ఆమె పేరు కూడ వ్రాయండి. దూరదేశాన ఉన్నవారు ఏడాదికి ఎన్ని రాత్రులు వచ్చి ఆ మంచంవద్ద మేల్కొనగలరో అన్నదమ్ములు, అప్పచెల్లెండ్రు కూర్చొని నిర్ణయించుకొని, ఆ వంతుకు తప్పక రండి. దగ్గర ఉన్నవారు ఈ రాత్రే వెళ్ళి, అక్కడ మేల్కొని ఉన్నది ఎవరో చూసి, ఆమెను నిద్రపొమ్మని చెప్పి, తెల్లవారేవరకు మీరు కూర్చొనండి.